గుడిసె నడిచిన కథ

యిల్లు కట్టుకున్నవాడు దేశాంతరం వెళ్ళి మూడేళ్ళకు తిరిగి వస్తే, యిల్లు పాతబడి వుండవచ్చు, పైకప్పు కూలి వుండవచ్చు, దాయాదులు ఆక్రమించుకుని వుండవచ్చు. అంతేగాని యిల్లే లేచి నడిచిపోయి వుంటుందని ఎవరూ అనుకోరు. స్విట్జర్లండులో హూగీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడికి అచ్చంగా అదే జరిగింది. 1827లో ఆయన ఆల్ప్స్ కొండల్లో ఉంటరార్ అనే హిమానీనదం మీద తలదాచుకోవడానికి ఒక చిన్న గుడిసె వేశాడు. 1830 నాటికి అది 330 అడుగులు దిగువకు జరిగింది. 1836 నాటికి 2,354 అడుగులు. 1841లో మరొక శాస్త్రజ్ఞుడు కొలిచి చూస్తే, మొదట కట్టిన చోటికి 4,712 అడుగుల దూరాన వుంది. మైలుకు కొద్దిగా తక్కువ.

గుడిసెకు కాళ్ళు రాలేదు. దాని కింది నేల నడిచింది. ఆ నేల మట్టి కాదు, మంచు. పధ్నాలుగేళ్ళ లెక్కన భాగించి చూడండి, రోజుకు అడుగుకన్నా తక్కువ పడుతుంది. మన గోడ గడియారంలో గంటల ముల్లు కదలడం కంటికి కనిపిస్తుందా? యిదీ అంతే. అక్కడ నిలబడి చూసేవాడికి కొండ ఎంత నిశ్చలమో మంచూ అంత నిశ్చలం.

ఇంగ్లీషువారు గ్లేసియర్ అనే దాన్ని మనవాళ్ళు హిమానీనదం అన్నారు. తెలుగు మేష్టర్ని గనుక యీ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగనివ్వండి. సంస్కృతంలో హిమం అంటే మంచు, హిమాని అంటే మంచు రాశి. అరణ్యానికి పెద్దది అరణ్యాని అయినట్టే హిమానికి ఆ పెద్దరికం వ్యాకరణమే కట్టబెట్టింది. దాని పక్కన నదాన్ని చేర్చినవారెవరో గాని గట్టి పని చేశారు. యీ మంచు నదిలాంటిదా, కాదా అన్న ఒక్క ప్రశ్న మీద ఐరోపా పండితులు తరాల తరబడి కొట్టుకున్నారు. మన సమాసం ఆ తగాదాను అయిదు అక్షరాల్లో తీర్చి కూర్చుంది!

యింతకూ యీ నదం పుట్టేది ఎలా? ఎత్తయిన శిఖరాల దగ్గర ఏడాదిలో పడే మంచంతా ఎండలకు కరగదు. మిగిలినదాని మీద మరుసటి ఏటిది పడుతుంది, దాని మీద ఆపై ఏటిది. పై బరువుకు కింది పొరలు నలిగి, వాటిలోని గాలి పోయి, దూదిలాంటి మంచు గట్టి ఐసుగడ్డ అవుతుంది. తగినంత మందం పేరుకున్నాక ఆ గడ్డ వున్నచోట వుండలేదు. వాలు ఎటుంటే అటు దిగుతుంది. దిగి దిగి, వెచ్చని లోయకు చేరేసరికి కరిగి ఏరవుతుంది. గోముఖం దగ్గర భాగీరథి పుట్టేది గంగోత్రి హిమానీనదం కొసనుంచే. పైన పోగయ్యేదీ, కింద కరిగేదీ సరితూగినంతకాలం దాని కొస ఒకచోటనే వున్నట్టు కనిపిస్తుంది. అందులోని మంచు మాత్రం ఏనాడూ ఒకచోట వుండదు.

యిది ఆ లోయల్లో పశువులు కాచుకునేవారికి ఎప్పటినుంచో తెలుసు. ఫలానా బండ మా తాతగారి రోజుల్లో అల్లంత పైన వుండేదని చెప్పుకునేవారు. అయితే ఎంత నడుస్తుంది, ఎక్కడ నడుస్తుంది, ఎందుకు నడుస్తుంది అని కర్రలు పాతి కొలిచిన కథ వేరు. ఆ కథకు మొదటి కథానాయకుడు లూయీ ఆగస్సీ. హూగీ గుడిసె ఎక్కడుందో 1841లో కొలిచినది యీయనే.

1840లో ఆగస్సీ తన స్నేహితులను వెంటబెట్టుకుని అదే ఉంటరార్ మీదికి వెళ్ళి కాపురం పెట్టాడు. కాపురమంటే, మంచుమీద పడివున్న ఒక పెద్ద బండ కింద. బండ ముందుకు చొచ్చుకుని చూరులా వుండేది. పక్కలకు రాళ్ళు పేర్చి గోడలు లేపారు. వచ్చినవాళ్ళంతా నూషటెల్ వూరివాళ్ళు గనుక దానికి ‘నూషటెల్ వారి హోటలు’ అని నామకరణం చేశారు. హోటలు పేరే గొప్ప. గోడలు రాళ్ళు, నేల మంచు. ఆ హోటలు కూడా రెండేళ్ళలో 486 అడుగులు నడిచింది.

మంచు లోపల ఎలా వుంటుందో చూడాలని ఆయనకు ఒక పంతం. హిమానీనదం పైన కరిగిన నీరు అక్కడక్కడ సుడి తిరిగి, మంచును తొలుచుకుంటూ బావిలాంటి గుంటల్లోకి దూకుతుంది. అలాంటి ఒక గుంటలోకి పారే నీటిని పక్కకు మళ్ళించి, తాడుకు పీట కట్టి, దానిమీద కూర్చుని ఆగస్సీ లోపలికి దిగాడు. పైన వున్నవారికి అతని కేక సరిగా అర్థం కాలేదు. 120 అడుగుల లోతున కాళ్ళు గడ్డకట్టే నీళ్ళలో మునిగితే, పైకి లాగవలసింది పోయి యింకా కిందికి వదిలారు! కాసేపటికి పైకి లాగారు గాని, బావి గోడలనుంచి బల్లేల్లా వేలాడే మంచుమొనల మధ్యనుంచి ప్రాణాలు దక్కించుకు రావడం గండం గడవడమే అయింది. చూసినవన్నీ రాసుకున్నాడు. అయినా శాస్త్రం కోసమైతే తప్ప మళ్ళీ ఎవరూ యీ పని చేయవద్దని స్నేహితులతో అన్నాడట. శాస్త్రం కోసమైతే మాత్రం చేయవచ్చుననే కాబోలు.

యీ సాహసంకన్నా ఆయన చేసిన ఒక చప్పటి పని ఎక్కువ పనికి వచ్చింది. 1841లో ఇనప కడ్డీలతో హిమానీనదానికి అడ్డంగా, ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు, ఆరుచోట్ల పదేసి అడుగుల లోతున రంధ్రాలు తొలిచి కొయ్యలు నిలబెట్టాడు. మరుసటి ఏడు వచ్చి ఒక్కొక్కటి ఎంత జరిగిందో కొలిచాడు. వరసగా చదవండి: 160, 225, 269, 245, 210, 125 అడుగులు. ఒడ్డున వున్నవి తక్కువ, నడిమివి ఎక్కువ. సరళరేఖలో పాతిన కొయ్యలు ఏడాది తిరిగేసరికి విల్లులా వంగాయి.

గోదావరి మీద పడవ నడిపేవాణ్ణి అడగండి. ప్రవాహానికి ఎదురు పోవాలంటే ఒడ్డు పట్టుకుని పోతాడు, దిగువకు పోవాలంటే నడిమి వడిలోకి తోస్తాడు. ఒడ్డున నేల రాపిడి నీటిని పట్టి ఆపుతుంది. మంచూ అంతే చేసింది. అంటే గట్టి మంచుగడ్డలో ఒక భాగం మరొక భాగాన్ని దాటి ముందుకు పోతున్నదన్నమాట. బల్లమీద పెట్టెను తోస్తే పెట్టె మొత్తం ఒక్కసారి జరుగుతుంది, నడిమి భాగం ముందుకు పోయి అంచులు వెనకబడవు. కాబట్టి యిది కేవలం జారడం కాదు. లోలోపల ఆకారం మారుతున్నది.

సరిగ్గా యిక్కడే పెద్దమనుషుల పోట్లాట మొదలయింది. 1841లో ఆగస్సీ హోటలుకు ఒక అతిథి వచ్చాడు — జేమ్స్ ఫోర్బ్స్, ఎడింబరోలో ప్రొఫెసరు. కొన్నాళ్ళు అక్కడ తిని, తిరిగి, చూసి, మంచులో నీలి తెలుపు చారలున్న సంగతి తాను కనిపెట్టినట్టు ప్రకటించాడు. మా యింట్లో భోంచేసి మా సొత్తు పట్టుకుపోయాడని ఆతిథేయులకు కోపం వచ్చింది. ఎవరిది న్యాయమో యిప్పుడు తేల్చడం కష్టం. ఫోర్బ్స్ కొలతల మనిషన్నది మాత్రం నిజం. మరుసటి సంవత్సరం, 1842 జూన్‌లో, ఫ్రాన్సు ఆల్ప్స్‌లో మెర్ ద గ్లాస్ అనే హిమానీనదం దగ్గరకు థియోడలైటు తీసుకుని వెళ్ళాడు. మన సర్వేవాళ్ళు కాలవగట్టున మూడుకాళ్ళ మీద నిలబెట్టి ఒంటికన్నుతో చూస్తారే, అదే పనిముట్టు. ఆగస్సీ ఏడాదికొకసారి కొలిచినదాన్ని ఫోర్బ్స్ రోజూ కొలవగలిగాడు. రోజుకు అడుగు పైచిలుకు నడుస్తున్నదని చెప్పాడు.

రోజూ కొలవడంలో విశేషం ఏమిటంటారా? అప్పట్లో ఒక సిద్ధాంతం వుండేది: పగలు కరిగిన నీరు మంచు పగుళ్ళలోకి దిగి రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బే మంచును ముందుకు తోస్తుందని. ఆగస్సీకీ మొదట్లో యిదే నమ్మకం. అదే నిజమైతే మంచు ఆగి ఆగి, కుదుపులు కుదుపులుగా నడవాలి. చలికాలంలో గడ్డకట్టడానికి నీరే వుండదు గనుక నిలిచిపోవాలి. ఫోర్బ్స్ థియోడలైటులో అది పగలూ రాత్రీ ఆగకుండా నడుస్తూనే వుంది. తర్వాత 1859 డిసెంబరులో జాన్ టిండల్ అనే మరో ప్రొఫెసరు, ఎవరూ గడప దాటని ఆ చలిలో పైకెక్కి కొలిస్తే, వేసవి వేగంలో సగం వేగంతో నడుస్తున్నది. సిద్ధాంతం అక్కడితో సరి.

మెర్ ద గ్లాస్ మీద ఫోర్బ్స్‌కు మరొక చిత్రం కనిపించింది. పై అంచున మంచు జలపాతంలా విరిగి పడేచోటు ఒకటుంది. దాని దిగువన మంచు మీద మురికి చారలు, తెల్ల చారలు ఒకదాని వెంట ఒకటి విల్లులా వంగి కనిపిస్తాయి. సాయంకాలపు ఏటవాలు వెలుగులో కొండమీదనుంచి చూస్తే ఎవరో ముగ్గు గీతలు దిద్దినట్టుంటుంది. ఒక్కొక్క జత చార ఒక్కొక్క ఏడాది నడక. చెట్టు మొదలు కోస్తే వలయాలు లెక్కబెట్టి వయసు చెప్పినట్టు యిక్కడ చారల మధ్య దూరం కొలిచి వేగం చెప్పవచ్చు.

ఒడ్డు దగ్గర బీటల సంగతి కూడా చెప్పాలి. హిమానీనదానికి రెండు పక్కలా ఏటవాలుగా బీటలు వుంటాయి. ఒడ్డున మొదలైన బీట నడిమికి పోయేకొద్దీ ఎగువవైపుకు తిరిగి వుంటుంది. అది చూసి మొదట్లో కొందరు, నడిమికన్నా ఒడ్డులే ముందుకు పోతున్నాయి కాబోలుననుకున్నారు. చూపుకు అలాగే తోస్తుంది కూడా. కేంబ్రిడ్జిలో హాప్కిన్స్ అనే గణితజ్ఞుడు దాని గుట్టు విప్పాడు. పాతబట్టను రెండు కొసలు పట్టి లాగండి. లాగిన దిక్కుకు అడ్డంగా చిరుగుతుంది గదా! ఒడ్డున మంచు రాతిని పట్టుకుని వెనకబడుతుంది, నడిమి మంచు ముందుకు లాగుతుంది. యీ లాగుడు ఒడ్డునుంచి దిగువగా నడిమివైపుకు ఏటవాలుగా వుంటుంది. దానికి అడ్డంగా చీలితే బీట ఎగువకు తిరగక ఏం చేస్తుంది? నడిమి వేగానికి ఎదురుసాక్ష్యం అనుకున్నదే అసలు సాక్ష్యం అయింది.

అయితే యిక్కడొక చిక్కు వుంది. బీటలు పడేది గట్టి వస్తువు, పారేది మెత్తటి వస్తువు. యీ మంచు రెండూ చేస్తున్నదేమి? ఫోర్బ్స్ యిది పాకంలాంటిదన్నాడు. టిండల్ ఒప్పుకోలేదు. సుత్తితో కొడితే పగిలేది పాకమెలా అవుతుందయ్యా అన్నాడు. ఆయన ఫారడే చేసిన ఒక చిన్న ప్రయోగాన్ని పట్టుకున్నాడు. రెండు తడి ఐసుముక్కలను ఒకదానికొకటి ఆనించి నొక్కండి, అతుక్కుపోతాయి. షర్బతు గ్లాసులో మీరూ చూసే వుంటారు. మంచు లోపల చిట్లుతూ, మళ్ళీ అతుక్కుంటూ, అలా నడుస్తున్నదని టిండల్ వాదన. యిద్దరూ, యిద్దరి శిష్యులూ పత్రికల్లో, పుస్తకాల్లో ఏళ్ళ తరబడి తిట్టుకున్నారు. 

రోడ్డు వేసేవాళ్ళు పక్కన వదిలేసిన తారు పీపా ఎప్పుడైనా చూశారా? చలి ఉదయం ఆ తారును రాతితో కొడితే పెచ్చులుగా పగులుతుంది. అదే తారు పీపా పక్కకు ఒరిగి వారాల తరబడి పడివుంటే మెల్లగా కారి నేలమీద నాలుకలా పాకుతుంది. గభాలున కొడితే పగిలేది, ఓపికగా నొక్కితే పారేది లోకంలో చాలా వున్నాయి. మంచు వాటిలో ఒకటి. హిమానీనదం పైభాగం తక్కువ బరువు కింద వుంటుంది గనుక పగులుతుంది. నూరడుగుల లోతు దాటాక బీటలు సాధారణంగా వుండవు. అక్కడి బరువుకు మంచు సాగి బీటను మూసేస్తుంది.

వాదం ఎలా వున్నా, టిండల్ కొలతలను తీసివేయడానికి వీలులేదు. హిమానీనదం వంపు తిరిగేచోట అతివేగమైన భాగం నడుమ వుండక బయటి ఒడ్డువైపుకు జరుగుతుందని చూపినవాడు ఆయనే. వంపులో బయటిగట్టు కోసుకుపోవడం మన కోనసీమవారికి చెప్పనక్కరలేదు. నూట నలభై అడుగుల ఎత్తున్న ఒక మంచుగోడ మీద పైన, నడుమ, అడుగున మూడు కొయ్యలు కొట్టి చూస్తే, రోజుకు పైది ఆరు అంగుళాలు, నడిమిది నాలుగున్నర, అడుగుది రెండున్నర చొప్పున నడిచాయి. ఆ గోడకు కొయ్యలు కొట్టడం ఎలాంటి పనో ఆలోచించండి. పైనుంచి రాళ్ళూ మంచుపెళ్ళలూ రాలుతూనే వుంటాయి.

యిదంతా పండితుల కాలక్షేపం అనుకునేవారికి మాన్‌బ్లాంక్ పర్వతం కథ చెబుతాను. 1820 ఆగస్టులో హామెల్ అనే రష్యా డాక్టరు బృందం ఆ పర్వతం ఎక్కుతుండగా మంచు విరిగి పడింది. దారి చూపే గైడులు ముగ్గురు పెద్ద బీటలోకి కొట్టుకుపోయారు. శవాలు దొరకలేదు. కొన్నేళ్ళకు ఫోర్బ్స్ తన కొలతలతో లెక్కకట్టి, ప్రమాదం జరిగిన సుమారు నలభై ఏళ్ళకు వాళ్ళు దిగువన లోయలో బయటపడతారని చెప్పాడు. 1861 ఆగస్టులో, నలభై ఒక్క ఏళ్ళకు, బొసోఁ హిమానీనదం కొస దగ్గర మంచు కరుగుతూ వాళ్ళ అవశేషాలను బయటపెట్టింది. శరీర భాగాలు, బట్టల పేలికలు, నలిగిన లాంతరు, శిఖరం మీద ఎగరవేద్దామని తీసుకెళ్ళిన పావురాల్లో ఒకదాని రెక్క. ఆనాడు ప్రాణాలతో బయటపడిన గైడు ఒకడు అప్పటికి ముసలివాడై వున్నాడు. వచ్చి గుర్తుపట్టాడు. తోడివాళ్ళు యువకులుగానే వుండిపోయారు. తాను మాత్రమే ముసలివాడయ్యాడు.

అదే పర్వతానికి మన దేశంతో ఒక సంబంధం ఏర్పడింది, కోరుకోని సంబంధం. 1950 నవంబరు 3న ఎయిర్ ఇండియా వారి ‘మలబార్ ప్రిన్సెస్’ విమానం ఆ శిఖరం దగ్గర కొండను కొట్టుకుని 48 మంది పోయారు. 1966 జనవరి 24న అదే సంస్థ విమానం ‘కాంచనజంఘ’ దాదాపు అదే చోట కూలి 117 మంది పోయారు. హోమీ భాభా అందులోనే వున్నారు. దొరికినవి కొద్ది. మిగిలినదంతా మంచు పుచ్చుకుని, తన అలవాటు ప్రకారం దిగువకు మోయడం మొదలుపెట్టింది. 2012 ఆగస్టులో, నలభై ఆరేళ్ళకు, భారత ప్రభుత్వపు దౌత్య టపా సంచీ ఒకటి బొసోఁ మంచులో బయటపడింది. 2013లో ఒక పర్వతారోహకుడికి పచ్చలు, కెంపులు, నీలాలున్న పెట్టె దొరికితే నేరుగా పోలీసులకు అప్పగించాడు. 2020లో వార్తాపత్రికలు దొరికాయి. ఇందిరాగాంధీ ప్రధానమంత్రి కాబోతున్న వార్త మొదటి పేజీల్లో చెక్కుచెదరకుండా వుంది. ఆవిడ ప్రమాణస్వీకారం చేసిన రోజే విమానం కూలిన రోజు. ఏ కుటుంబంవారో ప్రయాణంలో చదువుకుందామని చేత పట్టుకుపోయిన పేపరు అయివుండాలి. అది కొండ దిగడానికి యాభై నాలుగేళ్ళు పట్టింది.

మంచు లోపలి నడక సంగతి చివరికి తేల్చింది మాక్స్ పెరుట్జ్. యీయన రక్తంలోని హిమోగ్లోబిన్ నిర్మాణం కనిపెట్టి 1962లో నోబెల్ బహుమానం పొందిన మనిషి. అంతకుముందు మంచు పిచ్చి. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువారికి మంచుతో విమానవాహక నౌక కట్టాలనే ఆలోచన పుట్టింది. రంపపు పొట్టులాంటి కొయ్యగుజ్జు కలిపి గడ్డకట్టిస్తే మంచు ఎంత గట్టిదవుతుందో పెరుట్జ్ లండనులో ఒక మాంసపు మార్కెట్టు అడుగు శీతల గదిలో పరీక్షించాడు. ఓడ కట్టలేదు, అది వేరే సంగతి. అప్పట్లో కొందరు శాస్త్రజ్ఞులు పై మంచు బరువుకు అడుగు మంచే ఎక్కువ వేగంగా బయటికి తోసుకువస్తుందని వాదించేవారు — జంతికల గొట్టంలో పైన నొక్కితే పిండి కింద దూసుకువచ్చినట్టు. 1948లో పెరుట్జ్, తన సహచరులు యుంగ్‌ఫ్రౌ శిఖరం దగ్గర, కొసన విద్యుత్తుతో వేడెక్కే ఏర్పాటు పెట్టి ఒక ఉక్కు గొట్టాన్ని మంచులోకి నిలువునా 450 అడుగులు దించారు. దించినప్పుడు అది నిటారు. రెండేళ్ళు వదిలి, లోపలికి కొలత పరికరం దింపి ఏ లోతున ఎంత వంగిందో చూశారు. పై కొస అన్నిటికన్నా ముందుకు పోయింది, లోతుకు పోయేకొద్దీ నడక తగ్గింది. టిండల్ గోడమీద చూసినదే మంచు కడుపులోనూ నిజమయింది. పేకముక్కల దొంతర మీద చెయ్యి పెట్టి తోస్తే పై ముక్క ఎక్కువ దూరం, అడుగు ముక్క తక్కువ దూరం పోవడంలేదూ? అదీ తంతు. దొంతర కింద బల్ల కాస్త తడిగా వుంటే దొంతర మొత్తం కూడా జారుతుంది. అడుగున కరిగిన నీరు ఎక్కువైన రోజుల్లో హిమానీనదం చేసేది యిదే. వేసవిలో వేగం ఎక్కువకావడానికి కారణం అదే.

అదే కేంబ్రిడ్జిలో గ్లెన్ అనే యువకుడు ఐసు దిమ్మల మీద బరువులు పెట్టి అవి ఎంత చొప్పున నలుగుతాయో కొలిచి 1955లో ఒక సూత్రం ప్రకటించాడు. తేనెలాంటి ద్రవం మీద ఒత్తిడి రెట్టింపైతే పారుదల రెట్టింపవుతుంది. మంచు మీద రెట్టింపైతే సాగుడు ఎనిమిది రెట్లవుతుంది. కొద్దిగా బరువు పెరిగితే చాలు, నడక బాగా పెరుగుతుంది. కొద్దిగా తగ్గితే చాలు, బాగా తగ్గుతుంది. వాలు మారకుండా మందం సగానికి తగ్గితే, లోపలి సాగుడువల్ల వచ్చే వేగం పదహారో వంతుకు పడిపోతుంది.

యీ లెక్క మనుషుల ప్రాణాలకు సంబంధించినది. 1965 ఆగస్టు 30న స్విట్జర్లండులో మాట్‌మార్క్ దగ్గర ఆనకట్ట కడుతున్న కూలీల బారకుల మీద అల్లలిన్ హిమానీనదం కొస విరిగి పడింది. 88 మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా పొట్టకోసం ఇటలీనుంచి వచ్చినవారు. మంచు కొస నెత్తిన వేలాడుతుండగా సరిగ్గా దాని కిందనే వాళ్ళకు నివాసాలు కట్టారు. 1972లో న్యాయస్థానం నిందితులు పదిహేడు మందినీ వదిలివేసింది. పైగా, అప్పీలు చేసిన బాధిత కుటుంబాలవారు కోర్టు ఖర్చుల్లో సగం భరించవలసి వచ్చింది. తీర్పు తీరు నాకైతే మంచుకన్నా చల్లగా తోస్తుంది.

అరవై ఏళ్ళకు అదే దేశంలో బ్లాటెన్ అనే గ్రామం. పైన బిర్చ్ అనే చిన్న హిమానీనదం. 2025 మే నెలలో పక్క శిఖరంనుంచి రాళ్ళు విరిగి దానిమీద పడసాగాయి. పైన బరువు పెరిగింది, గ్లెన్ సూత్రం గుర్తున్నది గదా. యంత్రాలతో అహోరాత్రాలు కొలుస్తూనే వున్నారు. 19వ తేదీన గ్రామంలోని సుమారు 300 మందిని ఖాళీ చేయించారు. పశువులనూ వదలలేదు, నడవలేని ఆవును హెలికాప్టరుకు వేలాడదీసి తెచ్చారు. మంచు వేగం రోజుకు పది మీటర్ల దాకా పెరిగింది. 28వ తేదీ మధ్యాహ్నం మొత్తం కూలి లోయలో పడింది. గ్రామంలో పదింట తొమ్మిదో వంతు రాళ్ళ కింద, బురద కింద పోయింది. పోయిన ప్రాణం ఒక్కటి. తాత ముత్తాతల యిళ్ళు పోగొట్టుకున్నవారికి యిది చిన్న కష్టమని ఎవరూ అనరు. కాని రాత్రి నిద్రలో వుండి వుంటే?

మన దేశంలో 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలో కొండవాలు, దాని మీది మంచుతో సహా విరిగి పడి, వరదై, తపోవన్ దగ్గర సొరంగాల్లో పనిచేసేవారిని ముంచింది. చనిపోయినవారూ, కనిపించకుండా పోయినవారూ కలిసి రెండువందలకు పైబడ్డారు. తర్వాత పాత ఉపగ్రహ చిత్రాలు తిరగేస్తే అక్కడ కొన్నేళ్ళుగా బీట తెరుచుకుంటూ వస్తున్నట్టు కనిపించింది. చిత్రాలు వున్నాయి. వాటిని ఆనాడు ఆ దృష్టితో చూసే మనుషులు లేరు. హిమాలయాల్లో హిమానీనదాలు వేలు, పక్కన నిలబడి కొలిచేవి వేళ్ళమీద లెక్కించదగినన్ని.

అలాంటివాటిలో ఒకటి హిమాచల్ ప్రదేశ్‌లో లాహౌల్ ప్రాంతపు ఛోటా షిగ్రీ. పొడవు తొమ్మిది కిలోమీటర్లు. దాని నీరు చంద్రా నదిలోకి పోతుంది. 2002నుంచి మన పరిశోధకులు ఏటా కొలుస్తున్నారు. ఎండలు పెరిగితే మంచు మరింత ఉరుకుతుందని అనుకుంటాం. అక్కడ తేలింది అందుకు తలకిందులు. పైన మంచు తరిగి పలచబడుతున్నకొద్దీ నడక మందగిస్తున్నది. కొండలెక్కి అక్కడికి చేరేవాళ్ళ సామానులో యిప్పుడు ఉపగ్రహాలతో మాట్లాడే పెట్టెలు వుంటాయి; ఆవిరితో మంచును తొలిచే పనిముట్టు వుంటుంది. తొలిచిన రంధ్రంలోకి దించేవి మాత్రం వెదురు కర్రలు. చలికాలం ముంచుకు రాకముందే, సెప్టెంబరు చివరనో అక్టోబరు మొదటనో వెళ్ళి, ఒక్కొక్క కర్ర ఎంత బయటపడిందో, కిందటేటి చోటినుంచి ఎంత దిగువకు జరిగిందో చూసి నోటు పుస్తకంలో రాసుకుని దిగి వస్తారు.